కార్డు ఒకరిది, టికెట్లు అందరివీ

ఈ మధ్య మా వీధిలో ఒక అమ్మాయికి బస్సుల సంస్థలో ఉద్యోగం వచ్చింది. స్వీటు పెట్టె పట్టుకొచ్చి, "తాతగారూ, మీరు అన్నేళ్ళు చేసేరు కదండీ, ఇందులో అసలు పనేంటో చెప్పండి" అని అడిగింది. టికెట్లు, డ్యూటీలు, సెలవులు ట్రైనింగులో చెబుతారు. అవి తీసేస్తే మిగిలేదేమిటన్నది ఆ పిల్ల ప్రశ్న. నోటితో చెప్పబోతే గాలికి పోయేలా ఉందని కాగితం మీద పెడుతున్నాను. ఈ ఉద్యోగంలోకి వచ్చే మిగతా పిల్లలకూ పనికొస్తుంది.

నేను కండక్టరుగా చేరి ట్రాఫిక్ సూపర్‌వైజరుగా దిగిపోయాను. మధ్యలో మెట్లు ఎప్పుడెప్పుడు ఎక్కానో ఎవరికీ అక్కర్లేదు. రోజూ డైరీ రాసే అలవాటుంది కాబట్టి తేదీలతో సహా చెప్పగలను. కాని ఈ ఉద్యోగం నాకు నేర్పింది తేదీల్లో లేదు. అందుకని ఒక పై అధికారి గురించి కొంచెం, ఒక బస్సు గురించి, ఒక ప్లాస్టిక్ కార్డు గురించి ఎక్కువ రాస్తాను. నా సర్వీసు మొత్తం మీద నేను గెలిచానని గట్టిగా చెప్పుకోగలిగింది ఆ కార్డు విషయంలోనే.

ఆలస్యాన్ని ఎక్కడ చూడాలి

కొత్తలో నా పైన ఒక ఇన్‌స్పెక్టరుగారు ఉండేవారు. తిట్టకుండా మంచినీళ్ళు కూడా అడిగేవారు కాదు. ఒకరోజు మా బస్సు రేవుకు వెనకబడి చేరింది. రిపోర్టులో నేను "కొద్దిపాటి ఆలస్యం" అని రాశాను. మర్నాడు ఆయన నన్ను డ్యూటీలోంచి దింపి గోదావరి రేవుకు తీసుకెళ్ళి నిలబెట్టారు.

"ఏం కనబడుతోందోయ్?"

"మన బస్సు వస్తోందండి."

"బస్సుని రోజూ చూత్తానే ఉన్నావు. పంటుని చూడు."

పంటు అంటే మనుషుల్నీ మోటారుసైకిళ్ళనీ ఆటోలనీ ఎక్కించుకుని గోదావరి దాటించే పెద్ద పడవ. అది అప్పుడే కట్టు విప్పుకుని కదిలింది. మా బస్సు దిగినవాళ్ళంతా గట్టు మీదే నిలబడిపోయారు. వాళ్ళలో చేపల గంపతో ఉన్న ఒకావిడ గంప దించి, పంటునీ బస్సునీ డ్రైవరునీ వరసగా తిట్టింది. అవతలి ఒడ్డున సంత. మళ్ళీ పంటు వచ్చి ఆవిణ్ణి దాటించేసరికి ఎండెక్కిపోతుంది.

"కొద్దిపాటి అని రాసేవు కదా, ఎళ్ళి ఆవిణ్ణి అడుగు, ఎంతపాటో చెబుతుంది" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. నేను అడగలేదు. ఆ తర్వాత ఏ బస్సు ఆలస్యాన్నీ డిపో గడియారంలో చూడలేదు. ఎక్కడ దాని వల్ల మనిషి ఆగిపోతాడో అక్కడికి వెళ్ళి చూశాను. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఇదొక్కటే. మిగతావి నేర్చుకోకపోవడమే మంచిదయింది.

మొదటి బస్సు

ఇక అసలు సంగతి. నా ఉద్యోగం చివరి రోజుల్లో, అంటే మొన్నమొన్నటి మాట, అమలాపురం నుంచి రాజోలు మీదుగా రేవుకు వెళ్ళే మొదటి బస్సు నా బాధ్యతలో ఉండేది. కండక్టరు సుభద్ర, డ్రైవరు సత్తిబాబు. పువ్వుల బుట్టలవాళ్ళు, జీడిపప్పు వ్యాపారులు, అప్పనపల్లి వెళ్ళే భక్తులు అందులో ఎక్కుతారు. కాని ఆ బస్సు నిజంగా ఎవరిదీ అంటే, అవతలి ఒడ్డున రొయ్యల ప్లాంటులో పనిచేసే ఆడవాళ్ళది.

ప్లాంటు గేటు వేళకు మూసేస్తారు. పంటు తప్పితే గేటు తప్పుతుంది, గేటు తప్పితే ఆ రోజు పని లేదు. మాటిమాటికీ తప్పితే పేరే కొట్టేస్తారు. వీళ్ళందరికీ ముందుండేది వెంకటలక్ష్మి. వైనతేయ పాయ గట్టున చేపల వేటకెళ్ళే కుటుంబం ఆవిడది. భర్త మస్కట్‌లో డ్రైవరు. ఆవిడ గొంతు బస్సెక్కితే హారను అక్కర్లేదని సత్తిబాబు అనేవాడు. "నీ హారను పన్జేత్తే నా గొంతుతో పనేంటి సత్తిబాబుగారూ" అని ఆవిడ అనేది.

ఆ బస్సుకు ఒకటే జబ్బు. స్టాపులో ఎక్కినవాళ్ళందరికీ టికెట్లు కొట్టడం పూర్తయితే గాని బండి కదలకూడదన్నది ఆ రూటులో పద్ధతి. తెల్లవారుతూనే అందరూ పెద్ద నోట్లు తీస్తారు, కండక్టరు దగ్గర చిల్లర ఉండదు. ఫోనుతో కట్టమంటే, కొబ్బరి తోటల మధ్య సిగ్నలు దోబూచులాడుతుంది. పైగా ప్లాంటు లోపలికి ఫోన్లు తేనివ్వరు కాబట్టి ఈ ఆడవాళ్ళు ఫోన్లు ఇంట్లోనే వదిలి వస్తారు. ఇలా స్టాపు స్టాపుకూ వెనకబడి, పంటు అందే రోజుల కంటే అందని రోజులు ఎక్కువయ్యాయి. జనం ఆటోలకు అలవాటు పడసాగారు. మా పై మేనేజరుగారు ఇది చూసి, మొదటి బస్సును రద్దు చేసి తర్వాతి బస్సులో కలిపేద్దామన్నారు. తర్వాతి బస్సు రేవుకు చేరేసరికి ప్లాంటులో సగం రొయ్యలు వలిచేసి ఉంటారు. అంటే ఈ ఆడవాళ్ళ ఉద్యోగాలకు నీళ్ళొదులుకోవడమే.

అప్పుడే మాకు కార్డు వచ్చింది. "చివరి అవకాశం ఇస్తున్నాను సూపర్‌వైజరుగారూ. కార్డుతోనైనా పంటు అందుకోండి. లేదంటే బస్సు తీసేస్తాను" అన్నారాయన.

దేవుడి గూట్లో కార్డు

నీలం రంగు కార్డు. ముందే డబ్బు వేయించి పెట్టుకోవాలి. కండక్టరు మిషనుకు ఆనిస్తే టికెట్టు వస్తుంది. అదే కార్డు పంటు మీద చెల్లుతుంది, బస్టాండులో టీకి, టిఫినుకి, పాల ప్యాకెట్టుకి, మందుల షాపులో బిళ్ళలకి చెల్లుతుంది. చిల్లర గొడవ లేదు, సిగ్నలు గొడవ లేదు. కాగితం మీద ఇంతకంటే మంచి వస్తువు నేను చూడలేదు.

ఫ్లెక్సీ కట్టి, మైకు పెట్టి, అందరికీ పంచాం. అందరూ రెండు చేతులతో తీసుకున్నారు. మర్నాడు బస్సులో ఒక్కరి దగ్గరా లేదు.

"కార్డేదమ్మా?" అని సుభద్ర అడిగితే, "దేవుడి గూట్లో పెట్టేనండి" అంది పువ్వులమ్మే ఆవిడ. "డబ్బున్న వస్తువు కదండీ. బొట్టెట్టి ఉంచేను. మంచి రోజు చూసి తీత్తాను."

అందరి మంచి రోజులూ వారంలోపే వచ్చేశాయి. పసుపు బొట్లతో సహా కార్డులు బస్సెక్కాయి, పనిచేశాయి కూడా. అయినా బండి ఇదివరకటి కంటే ఎక్కువ ఆలస్యమైంది! మెల్లిగా కార్డులు మళ్ళీ జేబుల్లోకి, నోట్లు చేతుల్లోకి వచ్చేశాయి. కారణమేమిటని పైనుంచి అడిగితే, కార్డు కంపెనీవాళ్ళు "ప్రజల్లో అవగాహన లేదు" అని రాసి పంపారు.

ఈ మాట దగ్గర పిల్లలు ఒకసారి ఆగాలి. రిపోర్టులో "అవగాహన లేదు" అని కనిపిస్తే, రాసినవాడు బస్సెక్కలేదని అర్థం. నెలనెలా మస్కట్ నుంచి, కువైట్ నుంచి ఫోనులో డబ్బు తెప్పించుకునే ఊళ్ళివి. వీళ్ళకు ప్లాస్టిక్ ముక్క ఆనించడం చేతకాదా? ఇంకో అవగాహన సదస్సు పెట్టమని నాకు ఆర్డరు వచ్చింది. నేను సదస్సు పెట్టలేదు. తువ్వాలు మెడలో వేసుకుని, వెనక సీట్లో కూర్చున్నాను.

"చెల్లదు"

వైనతేయ వంతెన దిగాక వెంకటలక్ష్మి, ఆవిడ స్నేహితురాళ్ళు ముగ్గురూ ఎక్కారు. మిగతా ప్లాంటు ఆడవాళ్ళు వెనక తలుపు దగ్గర ఎక్కుతున్నారు. వెంకటలక్ష్మి కార్డు ఆనించింది. టికెట్టు వచ్చింది.

"ఇంకో మూడియ్యండి సుభద్రగారూ. ఈవేళ నా వంతు."

మళ్ళీ ఆనించింది. మిషను బస్సంతటికీ వినబడేలా, "ఈ కార్డు చెల్లదు" అంది.

"అదేంటండీ? ఇప్పుడే చెల్లింది కదా!"

"ఒక కార్డు మీద ఒకరికేనండి. మిగతావాళ్ళు ఎవరి కార్డు వాళ్ళు తియ్యాలంట."

"నా వంతు రోజున ఆళ్ళు కార్డులెందుకు తెచ్చుకుంటారండీ?"

ఆ నలుగురిదీ ఏళ్ళ నాటి ఏర్పాటు. రోజుకొకరు నలుగురికీ టికెట్లు తీస్తారు. మిగిలిన ముగ్గురూ క్యారేజీలు, ప్లాంటులో వేసుకునే రబ్బరు బూట్లు మోస్తారు. ఇప్పుడు ఆ ముగ్గురూ బూట్లు కింద పెట్టి, క్యారేజీలు ఒకరికొకరు అందించుకుని, కొంగు ముళ్ళు విప్పడం మొదలెట్టారు. సత్తిబాబు వెనక్కి తిరిగి, "అమ్మా, కాత్త తొరగా! పంటోడు కట్టిప్పేత్తాడు" అని అరుస్తున్నాడు.

రాజోలులో ఒక పెద్దాయన, కొత్తగా పెళ్ళయిన కూతురు, అల్లుడు ఎక్కారు. అల్లుడు జేబులో చెయ్యి పెట్టబోతే మావగారు పట్టుకున్నారు.

"తప్పండీ అల్లుడుగారూ. మీరు కూచోండి. ఇదిగో అమ్మా, మా అల్లుడుగారికోటి, అమ్మాయికోటి, నాకోటి."

అల్లుడి టికెట్టు వచ్చింది. రెండోసారికి మిషను తన పాట అందుకుంది: "ఈ కార్డు చెల్లదు."

ముందు సీట్లోంచి ఎవరో, "ఏంటండీ, మావగారు చెల్లలేదంటాండీ?" అన్నారు. బస్సంతా నవ్వింది. అల్లుడు కూడా నవ్వేసి, నవ్వినందుకు కిటికీవైపు తిరిగాడు. పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి. కార్డు లోపలి జేబులో పెట్టి గుండీ కూడా పెట్టేసుకున్నారు. పెద్ద నోటు తీశారు. సుభద్ర దగ్గర చిల్లర లేదు. అల్లుడు తన దగ్గరుందంటాడు, మావగారు వద్దంటారు; బండి రాజోలులోనే ఉంది.

రేవుకు చేరేసరికి పంటు నడి గోదావరిలో ఉంది. వెంకటలక్ష్మి గట్టు దిగి, నీళ్ళ అంచుదాకా వెళ్ళి నిలబడింది. నన్ను చూసి గుర్తుపట్టింది.

"ఇంకోపాలి ఆలీసమైతే పేరు తీసేత్తానన్నాడండీ ప్లాంటు సూపర్‌వైజరు" అంది. ఆ గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు. "కార్డు లేనప్పుడే నయంగా ఉందండీ. మీరేవనుకోకండి."

నేనేమీ అనుకోలేదు. తిరుగు ప్రయాణంలో ఎక్కేవాళ్ళనే చూస్తూ కూర్చున్నాను. వదిన మరదలికి, రైతు తన కూలీకి, పాత పరిచయస్థుడు పక్క సీటువాడికి టికెట్టు తీస్తున్నారు. తన ఒక్కడి టికెట్టు తను తీసుకున్నవాడు ఆ బస్సులో లేడు. నేను ఒంటరిగానే ఉన్నాను గాని, నాకు పాసుంది.

పట్నంలో టికెట్టు అంటే ప్రయాణానికి ఖరీదు. మా దగ్గర అది పలకరింపు కూడా. ఎదురుపడిన మనిషికి టికెట్టు తియ్యకపోతే, చూసీ చూడనట్టు పోయినట్టే లెక్క. ఈ కార్డు తయారుచేసినవాళ్ళు దొంగల గురించి ఆలోచించారు, పొరపాటున రెండుసార్లు డబ్బు పోకుండా ఉండాలని ఆలోచించారు. మావగార్ల గురించి ఆలోచించలేదు.

రూలు వెనక, మనిషి ముందు

మేనేజరుగారి దగ్గరకు వెళ్ళి ఇదంతా చెప్పాను. ఆయనది ఈ ప్రాంతం కాదు. కష్టపడే మనిషి, లంచం ముట్టని మనిషి, మొండి మనిషి.

"ఒక మనిషికి ఒక కార్డు. ఆ రూలు కార్డు వెనకే అచ్చు వేశారు కదండీ" అన్నారు.

"కార్డు వెనకున్నది ఎవరూ చదవరండీ. ముందు కూర్చున్న మనిషిని చూస్తారు."

"జనాన్ని మార్చాలి సూపర్‌వైజరుగారూ. మీ పని అదే."

"అల్లుడికి టికెట్టు తియ్యని మావగారిని తయారుచెయ్యడం నా వల్ల కాదండీ."

ఆయనకు నవ్వు వచ్చింది గాని, ఆపుకున్నారు. "నెలాఖరు శుక్రవారం నేనే వచ్చి ఆ బస్సెక్కుతాను. పంటు అందితే బస్సుంటుంది. అందకపోతే మీరు ఇంకేమీ చెప్పొద్దు."

పై అధికారితో వాదించేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. ఆయన "నేనే వచ్చి చూస్తాను" అన్నాడంటే సగం గెలిచినట్టే. చూడనివాడితోనే మనం ఏమీ చెయ్యలేం.

కార్డు కంపెనీలో మా రూటు చూసే ఇంజినీరు కార్తీక్ అని, హైదరాబాదు కుర్రాడు. ఫోను చేస్తే, "అది భద్రత కోసం పెట్టింది సార్, తీసెయ్యడం కుదరదు" అన్నాడు. సరే, తీసెయ్యొద్దు, ఒక్కరోజు వచ్చి మాతో తిరిగి వెళ్ళమన్నాను. వచ్చాడు. మెళ్ళో తాడుకు తన కార్డు వేలాడేసుకుని మరీ వచ్చాడు.

బస్సులో అతని పక్కన ఒక జీడిపప్పు వ్యాపారి కూర్చున్నాడు.

"ఏ ఊరండీ తమరిది?"

"హైదరాబాదండి."

"అయ్య బాబోయ్, అంత దూరం నించొచ్చేరా! ఉండండి, మీ టికెట్టు నేను తీత్తాను."

"వద్దండీ, నా దగ్గర కార్డుంది."

"కార్డు ఎవరి దగ్గర లేదండీ? నా దగ్గరా ఉంది. అది ఒక్కరికే ఇత్తాది" అని వ్యాపారి నోటు తీసి సుభద్ర చేతిలో పెట్టాడు. రాజోలు బస్టాండులో కార్తీక్ టీ తాగి కార్డు తీసేలోగా వ్యాపారి స్నేహితుడెవరో డబ్బిచ్చేశాడు. పంటు మీదా అంతే. అవతలి ఒడ్డున కొబ్బరి బోండం దగ్గరైతే ఇద్దరు పోటీపడ్డారు. బోండాలవాడు ఇద్దరి దగ్గరా తీసుకోకుండా, "మా ఊరొచ్చేరు, నా లెక్కలో తాగండి" అన్నాడు.

మధ్యాహ్నం మా ఇంట్లో పనసపొట్టు కూరతో అన్నం తింటూ కార్తీక్ నవ్వడం మొదలుపెట్టాడు.

"సార్, పొద్దుట్నుంచీ నా కార్డు ఒక్కసారి కూడా ఆనించలేదు. నాకు టికెట్టు తీసినాయన జేబులో మా కార్డే ఉంది. అయినా నోటు తీశాడు. మేమే తీయించాం."

"మరి ఏం చేద్దామంటారు?"

"కార్డు ఆనించే ముందు ఎంతమందో కండక్టరు అడగాలి సార్. మిషనులో ఆ అంకె నొక్కితే, ఒక్కసారి ఆనిస్తే చాలు. అందరికీ టికెట్లు వస్తాయి. రెండోసారి ఆనించే పనే లేదు కాబట్టి భద్రత అలాగే ఉంటుంది."

"ఇంకోటి. మీ మిషను అరవడం మానాలి. కార్డులో డబ్బు తక్కువైతే సుభద్రకు తెలియాలి, పక్క సీటుకు కాదు."

"పొరపాటున కూడా అరవదు సార్" అన్నాడు, ఇంకొంచెం కూర వేయించుకుంటూ.

మంచి ఇంజినీరంటే నా దృష్టిలో ఇతనే. తను చేసిన వస్తువు ఓడిపోయిన చోటికి వచ్చాడు, ఓడిపోయిందని ఒప్పుకున్నాడు, మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. వాళ్ళ పైవాళ్ళతో అతను ఎంత పోట్లాడాడో నాకు తర్వాత తెలిసింది. ఈవేళ మురమళ్ళ రూటులో ఎక్కండి, కొత్తపేట నుంచి పలివెల వైపు ఎక్కండి, కండక్టరు మొదట "ఎంతమందండీ?" అనే అడుగుతుంది. అప్పుడు మాత్రం వాళ్ళు మాకిచ్చిన అనుమతి ఒక్క బస్సుకు, ఒక్క మిషనుకు. అదీ శుక్రవారం ఇంక దగ్గర పడ్డాక.

శుక్రవారం ఉదయం

మేనేజరుగారు అమలాపురంలోనే ఎక్కి ముందు సీట్లో కూర్చున్నారు. నేను ఆయన వెనక. సత్తిబాబు ఆ రోజు కొత్త నిమ్మకాయ కట్టాడు.

మొదటి స్టాపుల్లో బండి నిలబడినట్టే లేదు. "ఎంతమందండీ?" అంటుంది సుభద్ర, "ముగ్గురమండి" అంటారు వాళ్ళు, మిషను చిన్నగా కిచమంటుంది, అంతే. పువ్వులావిడ కార్డు మీద పసుపు బొట్టు చూసి మేనేజరుగారు కనుబొమలు ఎత్తారు. వంతెన దిగాక ప్లాంటు ఆడవాళ్ళు ఎక్కారు. ఆ రోజు ఎందుకైనా మంచిదని అందరూ కార్డులు తెచ్చుకున్నా, వంతు ఎవరిదో వాళ్ళే ఒక్కసారి ఆనించి, ఆ చేత్తోనే క్యారేజీలు అందుకుని లోపలికి జరిగిపోయారు. ఆ రోజు వంతు తనది కాని వెంకటలక్ష్మి నావైపు చూసి తలాడించింది. బండి వేళకంటే కాస్త ముందే నడుస్తోంది.

అప్పనపల్లి మలుపు దగ్గర సత్తిబాబు బ్రేకు వేశాడు. రోడ్డు పక్కన పెద్ద గుంపు. అవతలి ఒడ్డు వాళ్ళు, బంధువులంతా కలిసి స్వామి దర్శనానికి వచ్చి, గుడి దగ్గరే నిద్ర చేసి ఇళ్ళకు తిరిగి వెళ్తున్నారు. ముసలమ్మలు, చంటిపిల్లలు, సంచులు, ప్రసాదం బుట్టలు.

"ఎంతమందండీ?" అంది సుభద్ర.

"ఉండమ్మా, లెక్కెట్టాలి" అన్నాడు వాళ్ళ పెద్ద. "అన్నయ్యా, మీవాళ్ళెంతమంది?"

"కార్డుందాండీ?"

"కార్డేంటమ్మా?"

నాలుగు కుటుంబాలు, నాలుగు పెద్ద నోట్లు, ఎవరిది వాళ్ళు ఇస్తామంటారు, పెద్దాయన వద్దంటాడు. రాజోలులో మావగారి కథ నాలుగింతలై నా కళ్ళముందు కనబడింది. మేనేజరుగారు గడియారం చూసుకున్నారు. ఎక్కించుకోకుండా వెళ్ళిపోదామని ఒక్క క్షణం నా నోటిదాకా వచ్చింది. కాని ముసలమ్మ కాలు అప్పటికే మెట్టు మీద ఉంది.

వెనకనుంచి వెంకటలక్ష్మి గొంతు వచ్చింది. పూర్తి గొంతు.

"సుభద్రగారూ, ఆళ్ళందరికీ నా కార్డు మీద కొట్టెయ్యండి! బండి కదిలాక మేం మేం చూసుకుంటాం."

"ఎందుకమ్మా మీకు శ్రమ..." అని గుంపు పెద్దాయన మొహమాటపడ్డాడు.

"శ్రమేంటండీ బాబూ! మీరు దేవుణ్ణి చూసొచ్చేరు, మేం గేటు చూడాలి. ముందు ఎక్కండి!"

కార్డు చేతులు మారుతూ ముందుకొచ్చింది. సుభద్ర అంకె నొక్కి ఆనించింది. మిషను చడీచప్పుడు లేకుండా ఊరుకుంది. సుభద్ర తలెత్తి, చిన్నగా, "కొంచెం చాలట్లేదండీ" అంది.

"మిగతాయి నాది గీకండి" అని వెంకటలక్ష్మి పక్కావిడ తన కార్డు పంపింది. సుభద్ర అంకెను రెండుగా విడగొట్టి రెండు కార్డులూ ఆనించింది; రెండుసార్లూ మిషను కిచమంది. టికెట్ల రీలు జారుతూనే ఉంది. సత్తిబాబు గేరు వేశాడు.

"పరాయివాళ్ళకు కూడానా? ఇది రూలుకు..." అని మేనేజరుగారు నావైపు తిరగబోయారు. ఈలోగా ముసలమ్మ ఆయన సీటు కమ్మీ పట్టుకుని, బండి కుదుపుకు ఊగుతూ, ఆయన మొహంలోకి చూసి నవ్వింది. ఆయన మాట మధ్యలో వదిలేసి లేచి నిలబడ్డారు. రాజోలు దాటి రేవుదాకా నిలబడే ఉన్నారు. ఆయన చేతిలో ఎవరో ప్రసాదం పెట్టారు. బస్సు నడుస్తుండగానే వెనక నోట్లు ఆ చేతినుంచి ఈ చేతికి మారాయి, చిల్లర లేనివాళ్ళకు పక్కవాళ్ళు సర్దారు, వెంకటలక్ష్మికీ పక్కావిడకీ చేరవలసింది చేరింది. ఏ స్టాపులోనూ చెయ్యలేని పని నడిచే బండిలో జనమే చేసుకున్నారు.

మలుపు తిరగగానే గోదావరి కనబడింది. పంటు ఇంకా కట్టు మీదే ఉంది.

సత్తిబాబు హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ప్లాంటు ఆడవాళ్ళు ముందు దిగి పరుగెత్తారు. చంటిపిల్లల్నీ బుట్టల్నీ తలో చేత్తో అందుకుని యాత్రికుల్ని కూడా లాక్కుపోయారు. ముసలమ్మను వెంకటలక్ష్మి రెక్క పట్టుకుని దాదాపు ఎత్తి పంటు మీద పెట్టింది. పంటువాడు, "ఇంకెవరైనా ఉన్నారాండీ?" అని గట్టుమీదికి కేకేశాడు. ఎవరూ లేరు. పంటు కదిలింది.

మేమిద్దరం గట్టు మీదే నిలబడ్డాం. మేనేజరుగారు బస్సువైపు రాలేదు, నేను పిలవలేదు. పంటు అవతలి ఒడ్డు చేరింది. రంగు రంగుల చీరలు గట్టెక్కి, ప్లాంటు గోడ పక్కనుంచి లోపలికి వెళ్ళడం దూరంనుంచి చీమలబారులా కనబడింది. కాసేపటికి గోదావరి మీదుగా సన్నగా ఒక కూత వినిపించింది.

"అదేమిటండీ?" అన్నారాయన.

"ప్లాంటు గేటు మూస్తున్నారండీ."

చేయి అడ్డం పెట్టుకుని ఆయన చాలాసేపు అవతలికి చూశారు. "గేటు బయట ఎవరైనా కనబడుతున్నారా? నా కళ్ళకు ఆనడం లేదు."

"యాత్రికులు ఆటో ఎక్కుతున్నారండీ. ప్లాంటువాళ్ళు ఒక్కరూ లేరు."

ఆయన వెనక్కి తిరిగి బస్సు దగ్గరకు నడిచారు. డ్రైవరు కిటికీ కింద ఆగి తలెత్తారు.

"సత్తిబాబుగారూ, రేపు కూడా ఈ టైముకే తియ్యండి."

"ఆయ్!" అన్నాడు సత్తిబాబు.